ఆదివారం రేటు

కుర్రాడు పదకొండింటికి వచ్చాడు. కోటు వేసుకున్నాడు. చేతిలో ట్యాబ్ ఉంది.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ ప్రొడక్షన్ ఆఫీసుకు ఆదివారం సెలవు లేదు. పబ్లిసిటీ డిజైనర్ ఒకడు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో గంట నుంచి కూర్చున్నాడు. నిర్మాత అతన్ని ఆగమని చెయ్యి చూపించి, కుర్రాణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

ఇద్దరికీ పరిచయం కేబీఆర్ పార్కులో. నిర్మాత రోజూ పొద్దున్నే అక్కడ నడుస్తాడు. కుర్రాడూ నడుస్తాడు. నడిచి కరిగించుకోవాల్సినంత ఒళ్ళు అతనికి లేదు.

నిర్మాతకు డాలర్లతో పని పడింది. ఓవర్సీస్ హక్కులు డాలర్లలో అమ్మాడు. సగం వచ్చింది, సగం రావాలి. ఈలోగా రేటు ఎటు పోతుందోనని దిగులు. ఆ దిగులు పార్కులో ఎవరితోనో చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి కుర్రాడు పక్కన నడవడం మొదలుపెట్టాడు.

"రేటు చూసి దిగులుపడటం దేనికి సార్? రేటు మీదే సంపాదించండి" అన్నాడు. తమ ఆఫీసు బంజారా హిల్స్‌లోనే అన్నాడు. ఫోనులో యాప్ వేసిపెట్టాడు. శనివారం మధ్యాహ్నం నిర్మాత సరదాకి 10,000 వేసి యూరో కొన్నాడు. తెల్లారేసరికి 14,300 అయింది.

ఇప్పుడు మాట 50 లక్షల మీద నడుస్తోంది.

చెక్కులు రాసేది అకౌంటెంటు కాబట్టి ఆయన్నీ పిలిచారు. ఆయన గన్‌ఫౌండ్రీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో ఫారిన్ ఎక్స్ఛేంజి సీటు చూసి రిటైరైన మనిషి. ఆ బ్యాంకు 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆయన మాత్రం ఇప్పటికీ 'మా బ్యాంకు' అనే అంటాడు.

కుర్రాడు ట్యాబ్ తిప్పి చూపించాడు. ప్రపంచం మొత్తం మీద రోజుకు 7.5 లక్షల కోట్ల డాలర్ల బేరం జరుగుతుందన్నాడు. 2022లో లెక్కతీసిన అంకె అది, నిజమే. అంత పెద్ద మార్కెట్లో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేరన్నాడు. తమ దగ్గర కమీషన్ సున్నా. 100 డాలర్లు పెడితే 50,000 డాలర్ల బేరం చెయ్యనిస్తారు.

అకౌంటెంటు అవేవీ వినలేదు. తెరమీద ధర చూస్తున్నాడు. పైకి కిందికి పోతున్న గీతను కాదు, దశాంశం తర్వాత నాలుగో అంకెను. అది కదులుతోంది. ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, తొమ్మిది. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. గోడమీద క్యాలెండర్ చూశాడు. మళ్ళీ అంకె చూశాడు.

"ఈ రోజు ఆదివారం కదా బాబూ?"

"అవును సార్."

"మరి ఇది ఎందుకు కదులుతోంది?"

"మాది 24 గంటలూ నడుస్తుంది సార్. కస్టమర్ల సౌకర్యం కోసం."

"ఎవరు కొంటున్నారు? ఎవరు అమ్ముతున్నారు?"

కుర్రాడు లిక్విడిటీ ప్రొవైడర్లు అన్నాడు. వాళ్ళకు ఆదివారం సెలవు లేదా అని ఆయన అడిగాడు. సర్వర్‌కు సెలవుండదని కుర్రాడు చెప్పాడు.

నిర్మాతకు అర్థం కాలేదు. "అసలు రేటు పెట్టేదెవరు మాస్టారూ?"

"ఒక్కరు పెట్టేది కాదండీ" అన్నాడు అకౌంటెంటు. సీటులో ఉన్నప్పటి గొంతు వచ్చింది. "ఆయిల్ కంపెనీకి క్రూడ్ కొనడానికి డాలర్లు కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి డాలర్లు వచ్చాయి, జీతాలివ్వడానికి రూపాయలు కావాలి. ఇద్దరూ బ్యాంకులకు చెబుతారు. బ్యాంకులు ఒకదానికొకటి రెండు ధరలు చెప్పుకుంటాయి, ఇంతకు కొంటాను, ఇంతకు అమ్ముతాను అని. అడిగేవాళ్ళు ఎక్కువైతే పెరుగుతుంది, అమ్మేవాళ్ళు ఎక్కువైతే తగ్గుతుంది. మరీ ఎగిరిపడితే రిజర్వు బ్యాంకు తన డాలర్లు తీసుకుని దిగుతుంది. యూరో అయినా అంతే. సోమవారం న్యూజీలాండులో తెల్లవారగానే మొదలై, న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రానికి కట్టేస్తారు. అంటే మనకు శనివారం తెల్లవారుజాము. మీరు మీట నొక్కింది శనివారం మధ్యాహ్నం."

"అయితే?"

"అప్పుడు మీకు అమ్మినవాడెవడు?"

నిర్మాత కుర్రాడి వైపు చూశాడు.

"శని, ఆదివారాలు కూడా ధర చెప్పే బ్రోకర్లు బయటి దేశాల్లో ఉన్నారు. అది వాళ్ళు వేసుకున్న ధరే. మనవాళ్ళేం చేస్తారంటే" అని ఆయన చెప్పుకుపోయాడు. "మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో రిఫరెన్స్ రేటు ఇస్తారు. పదకొండున్నర, పన్నెండున్నర మధ్య ఏదో ఒక పావుగంట తీసుకుంటారు. ఏ పావుగంటో ముందు ఎవరికీ తెలియదు. ఆ పావుగంటలో నిజంగా జరిగిన బేరాలు చూసి రేటు కడతారు. 2018 దాకా రిజర్వు బ్యాంకే ఇచ్చేది, ఇప్పుడు ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ఇస్తోంది. జరగని బేరం అందులోకి రాదు."

"అలా ఉండాలి" అన్నాడు నిర్మాత.

కుర్రాడు అప్పటికీ తగ్గలేదు. అనుమతి లేని ఫారెక్స్ యాప్‌లంటూ రిజర్వు బ్యాంకు వేసిన జాబితాలో తమ పేరు లేదన్నాడు. కావాలంటే చూసుకోమన్నాడు.

"చూశాను" అన్నాడు అకౌంటెంటు. "2022 సెప్టెంబర్‌లో 34 పేర్లతో వేశారు. తర్వాత పెంచుకుంటూ వచ్చారు. పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని అందులోనే రాశారు. అనుమతి ఉన్నవాళ్ళ జాబితా వేరే ఉంది. అందులో చూపించు."

కుర్రాడు చూపించలేదు.

"పదివేలు ఎవరికి పంపారు సార్?"

నిర్మాత ఫోను తీసి యూపీఐ రసీదు వెతికాడు. డబ్బు వెళ్ళింది ఒక పరుపుల షాపు ఖాతాకు.

"14,300 వెనక్కి తీసుకోండి" అన్నాడు అకౌంటెంటు.

నిర్మాత యాప్‌లో నొక్కాడు. ముందుగా పన్ను కింద 5,000 కడితే మొత్తం వెనక్కి పంపుతామని వచ్చింది.

నిర్మాత లేచి నిలబడ్డాడు. సినిమా ఫంక్షన్లలో ఆయన చాలా మాట్లాడాడు గానీ ఇంత మనసుపెట్టి ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎవడూ కొనకుండా, ఎవడూ అమ్మకుండా అంకె ఎలా పుడుతుందయ్యా? ఎవడో ఏసీ గదిలో కూర్చుని తోచింది వేస్తాడు. జనం దాన్ని చూసి నిజమనుకుని జేబులో డబ్బు తీస్తారు. ఆ జనం ఎవరనుకున్నావు? కష్టపడి సంపాదించుకున్నవాళ్ళు. వాళ్ళకు అబద్ధపు లెక్క చూపించి బతకడం ఒక బతుకా? సిగ్గనిపించదూ?"

కుర్రాడు ట్యాబ్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. ఆఫీసు బాయ్ తెచ్చిన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అకౌంటెంటు ఒక చీటీ మీద 1930 అని రాసి ఇచ్చాడు. సైబర్ మోసాలకు ఫోన్ చెయ్యాల్సిన నంబరు. రావాల్సిన డాలర్ల సంగతి కూడా చెప్పాడు. ఒప్పందం కాగితం పట్టుకుని సోమవారం బ్యాంకుకు వెళితే ఫార్వర్డ్ కాంట్రాక్టు రాస్తారు, రేటు ఆ రోజే ఖాయమైపోతుంది, తర్వాత ఎటు పోయినా మనకు పట్టదు. నిర్మాత సరేనన్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంకా ఆయన చెయ్యి వణుకుతోంది.

అప్పుడు డిజైనర్ గుర్తొచ్చాడు.

డిజైనర్ లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టాడు. పోస్టర్ సిద్ధంగా ఉంది. హీరో, వెనకాల అమెరికా జెండా, కింద 'ప్రీమియర్స్ గ్రాస్' అన్న అక్షరాలు, వాటి పక్కన ఖాళీ.

"నంబరు ఒక్కటే చెప్పాలి సార్."

"పోయిన నెల ఆ బ్యానర్ వాళ్ళు ఎంత వేసుకున్నారు?"

"1.8 మిలియన్ డాలర్లు."

"మనది 2 అని వేసెయ్."

డిజైనర్ వేశాడు. నిర్మాత కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"రౌండ్ ఫిగర్ వద్దు. జనం నమ్మరు. 2.13 చెయ్యి."

డిజైనర్ మార్చాడు. "కింద రూపాయల్లో కూడా వేద్దామా సార్?"

నిర్మాత అకౌంటెంటు వైపు తిరిగాడు. "శుక్రవారం రిఫరెన్స్ రేటుతో కట్టండి మాస్టారూ. పైసా తేడా రాకూడదు."

అకౌంటెంటు క్యాలిక్యులేటర్ తీసి పైసలతో సహా కట్టి ఇచ్చాడు.

అమెరికాలో ఆ సినిమా మొదటి ఆట వచ్చే గురువారం సాయంత్రం.