లిస్ప్‌లో ఒంటరిగా వెలిగిపోవడం ఎలా?

కామన్ లిస్ప్ నేర్చుకున్నారా? శుభం. ఇక మీకు తోటి మనిషితో పనిలేదు. జావా వాళ్లు పాపం, లాంబ్డా కోసం 2014 దాకా కాచుకున్నారు. మీ చేతిలో మ్యాక్రోలున్నాయి. భాషలో ఏది లేకపోతే అది ఆదివారం భోజనమయ్యాక మీరే చేర్చేసుకోవచ్చు. ఇంత సౌకర్యం పెట్టుకుని ఇంకొకరిని అడగడం నామోషీ కాదూ?

ముందుగా ఒక జేసన్ లైబ్రరీ రాయండి. సీఎల్-జేసన్, యాసన్, ఎస్టీ-జేసన్, జొనాథన్, జేజోన్ ఉన్నాయిగా అని ఎవరైనా అంటే, ‘అందుకే రాస్తున్నా’ అనండి. నిజానికి మీకు మంచి సాకే ఉంది. జేసన్‌లో ఖాళీ జాబితా వేరు, ఫాల్స్ వేరు, నల్ వేరు. కామన్ లిస్ప్‌లో ఖాళీ జాబితా, ఫాల్స్ రెండూ నిల్లే. మరి ఆ నిల్‌ని జేసన్‌గా మార్చేటప్పుడు ఏమని రాయాలి? ఒక లైబ్రరీ నల్ అంటుంది, ఇంకొకటి ఖాళీ జాబితా అంటుంది. నలుగురు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమే. మీరు మాత్రం కూర్చోకండి. మీ డేటాకి ఏది కుదిరితే అది ఖాయం చేసి, ఆ సంగతి ఎక్కడా రాయకుండా వదిలేయండి. వాడేవాళ్ల సర్వర్‌లో తేడా వచ్చిన రోజున వాళ్లే కనుక్కుంటారు.

రీడ్‌మీలో ఒక్క ఉదాహరణ చాలు. ఎస్‌బీసీఎల్ మీద, మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందా? అయిపోయింది. ఈసీఎల్ లాంటి వేరే ఇంప్లిమెంటేషన్ వాడేవాళ్లుంటే అది వాళ్ల ఖర్మ.

ఎవరి లైబ్రరీలోనైనా తప్పు కనబడితే పొరపాటున కూడా చెప్పకండి. చెబితే ఆయన జవాబిస్తాడు, అలా ఎందుకు రాశాడో వివరిస్తాడు, చివరికి ఆయన మాటే సబబని మీకు అనిపించే ప్రమాదముంది. కావలసిన నాలుగు ఫంక్షన్లు ఎత్తి మీ సొంత యుటిల్స్ ఫైలులో అతికించుకోండి. అలెగ్జాండ్రియా పేరుతో అందరికీ పనికొచ్చే యుటిలిటీలు ఒకచోట పోగేసి ఉన్నా, సొంత యుటిల్స్ లేని లిస్పర్‌కి గౌరవమెక్కడిది? మీకే ఎవరైనా ప్యాచ్ పంపితే థాంక్స్ చెప్పి, అదే పనిని వేరే పేర్లతో మీరే తిరగరాయండి.

కొందరు క్విక్‌లిస్ప్ సంగతి ఎత్తుతారు. 2010 నుంచి అది ఊరందరి లైబ్రరీలనూ చేరదీసి, కలిసి బిల్డ్ అవుతున్నాయో లేదో చూసి విడుదల చేస్తోందని చెబుతారు. 1994 నాటి ఆన్సీ ప్రమాణంలో థ్రెడ్లు లేకపోతే బోర్డో-థ్రెడ్స్ ఆ లోటు తీర్చిందనీ, ఒక్కో ఇంప్లిమెంటేషన్‌కి ఒక్కో రకంగా రాసుకునే బాధ తప్పించిందనీ అంటారు. అప్పుడు మీరు లెఫ్ట్-ప్యాడ్ పేరెత్తండి. 2016లో ఆ పదకొండు వరుసల ప్యాకేజీని రాసినాయన జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులూ ఆగిపోయాయి. ఇతరుల కోడ్‌ని నమ్మకూడదనడానికి ఈ ఒక్క కథ మీకు జీవితాంతం సరిపోతుంది. ఆ దెబ్బతో ఎన్‌పీఎం నిబంధనలు మార్చిందని ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్లిపోండి.

ఉద్యోగం మారాక, పిల్లలు పుట్టాక లైబ్రరీ ముఖం చూసే తీరిక ఉండదు. అప్పుడు కూడా దాన్ని ఇంకొకరికి అప్పగించకండి, ఆపేశానని ప్రకటించకండి. తర్వాత వచ్చినవాడు రెండు నెలలు మీ జవాబు కోసం చూసి, విసిగి, తన సొంత జేసన్ లైబ్రరీ మొదలుపెడతాడు. అతనికి ఈ సలహాలు పంపండి.