నాలుగు రూపాయల ఘనత

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

విషయం: అంగన్‌వాడీ పిల్లల పద్దులో కేంద్రం చూపిన పొదుపును అభినందించుట గురించి.

అమ్మా,

మీరు మా గోదావరి జిల్లా కోడలు. ఎంపీ హోదాలో పెదమైనవానిలంకను దత్తత కూడా తీసుకున్నారు. ఆ చనువుతోనే పేషీలూ సెక్షన్లూ దాటుకుని నేరుగా మీకే రాస్తున్నాను. కోరికలు తర్వాత చెప్పుకుంటాను. ముందు అభినందనలు అందుకోండి.

ఉప్పూ పప్పూ నూనే ఎవరి మాటా వినకుండా పైకి పోతుంటే, ఒక్క ధరను మాత్రం కదలనివ్వకుండా కట్టిపడేశారు మీ సర్కారువారు. అంగన్‌వాడీలో పిల్లవాడి తిండికి రోజుకు ఎనిమిది రూపాయలు. 2012లో ఆరు ఉండేది, 2017లో ఎనిమిది చేశారు. 2025 ఫిబ్రవరి 1న మీరు లోక్‌సభలో బడ్జెట్ చదివే నాటికీ ఎనిమిదే. మధ్యలో కరోనా వచ్చింది, పోయింది. గ్యాస్ బండ ధర పెరిగింది, తగ్గింది. ఎనిమిది మాత్రం ఎనిమిదిగానే ఉంది.

అందులోనూ సగమే మీది, సగం రాష్ట్రానిది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఎక్కువిస్తారు, కాదనను. మా తెలుగు పిల్లవాడికి ఢిల్లీ నుంచి వచ్చేది మాత్రం నాలుగు రూపాయలు. మా ఊరి సెంటర్లో టీ కూడా రాదు దానికి. కోడిగుడ్డు చూస్తే ఆరేడు రూపాయలు పలుకుతోంది. ఈ లెక్కన గుడ్డులో తెల్లసొన కేంద్రానిది, పచ్చసొన రాష్ట్రానిది, పెంకు పిల్లవాడిది. ఇక పప్పు, కూర, నూనె, పోపు గింజలు ఎవరివో మీ అధికారులే తేల్చాలి. బియ్యం, గోధుమలు సబ్సిడీ మీద ఇస్తున్నాం కదా అంటారు వాళ్లు. నిజమే, ఇస్తున్నారు. కానీ 2013లో ఆహార భద్రత చట్టం చేసినప్పుడు ఈ వయసు పిల్లవాడికి 500 కేలరీలతో పాటు 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని షెడ్యూల్లో రాసుకున్నది కూడా పార్లమెంటే. ఉత్త అన్నం ఎంత పెట్టినా కేలరీల గడి నిండుతుంది గానీ ఆ రెండో గడి నిండదు.

ఏడాదికి 300 రోజులు పెట్టాలని నిబంధన. నాలుగును మూడు వందలతో హెచ్చిస్తే 1,200 రూపాయలు. ఒక్కో పిల్లవాడి తిండికి ఏడాది మొత్తానికి మీ వాటా అంతే.

బడ్జెట్ రోజు మీ ప్రసంగం టీవీలో నేనూ విన్నాను. అంగన్‌వాడీల ద్వారా 8 కోట్ల మందికి పైగా పిల్లలకు పోషకాహారం అందుతోందన్నారు. ఈ ఖర్చు పరిమితులను తగిన విధంగా పెంచుతామని కూడా సెలవిచ్చారు. ఎంత, ఎప్పటి నుంచి అన్నవి ఆ వాక్యంలో లేవు. పెద్దవాళ్లు మాటిచ్చినప్పుడు తారీఖు అడగడం మర్యాద కాదని మేమూ ఊరుకున్నాం. అదే ప్రసంగంలో కాస్త ముందుకు వెళ్లాక పన్నెండు లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్నారు. అక్కడ మాత్రం అంకె ఉంది, తారీఖు ఉంది, బల్లల మీద చప్పట్లూ ఉన్నాయి. దానివల్ల సుమారు లక్ష కోట్ల రాబడి వదులుకుంటున్నామని మీరే చెప్పారు. అదే బడ్జెట్లో అంగన్‌వాడీ, పోషణ పద్దుకు కేటాయించింది 21,960 కోట్లు.

పన్నెండు లక్షల జీతగాడికి మీ దయవల్ల 80,000 మిగిలింది. ఆ జీతగాళ్లలో నేనూ ఒకణ్ణి, కృతఘ్నుణ్ణి కాను. కానీ లెక్క చూస్తే ఒళ్లు జలదరించింది. నా ఒక్కడికి వదిలేసిన సొమ్ము 66 మంది పిల్లల ఏడాది తిండికి మీరిచ్చే వాటా. పైన చిల్లర కూడా మిగులుతుంది. వాళ్లకు ఓటు లేదు, నాకుంది. మీ పార్టీ అనేముంది, ఏ పార్టీ వచ్చినా ఇంతే.

ఇక టీచర్ల సంగతి. అంగన్‌వాడీ టీచరుకు కేంద్రం లెక్కలో నెలకు 4,500, ఆయాకు 2,250. 2018 అక్టోబరులో పెంచారు. అందులోనూ 60 శాతమే మీ జేబులోది. దీన్ని జీతం అంటే తప్పట, గౌరవ వేతనం అనాలట. పైన రాష్ట్రాలు కలిపితే టీచరుకు ఆంధ్రాలో 11,500, తెలంగాణలో 13,650 అయింది. ఈ గౌరవం చాలక 2023 డిసెంబరు 12న మా ఆంధ్రాలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్డు మీదే కూర్చున్నారు. మధ్యలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. అంటే ఏమిటి? జీతమివ్వాల్సి వస్తే ఆమె స్వచ్ఛంద సేవకురాలు, పని మానేస్తే దేశానికి అత్యవసరం. ఈ రెండు టోపీలూ ఒక్క తల మీద ఎలా నిలుస్తాయో సుప్రీంకోర్టుకు కూడా అర్థమైనట్టు లేదు. వీళ్లూ గ్రాట్యుటీకి అర్హులేనని 2022 ఏప్రిల్‌లోనే తీర్పిచ్చింది.

మొన్నొక అంగన్‌వాడీకి వెళ్లాను. అద్దె గది. గోడకు అక్షరమాల చార్టు, మూల గ్యాస్ పొయ్యి, తలుపు పక్కన ఎత్తు కొలిచే స్కేలు. టీచరు గుమ్మం బయట నిలబడి ఒక బాలింత ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుని ఉంది. సరుకులు ఇవ్వాలంటే పోషణ్ ట్రాకర్ యాప్ ఆ ముఖాన్ని గుర్తుపట్టాలి. "రెప్పలు కొట్టమ్మా... ఇంకోసారి... కాస్త వెలుతురులోకి రా" అంటోంది. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. చంకలో బిడ్డ ఏడుస్తున్నాడు. లోపల డజను మంది పిల్లలు పలకలు పక్కన పడేసి ఒకళ్ల జుట్టు ఒకళ్లు లాక్కుంటుంటే, ఆయా పప్పు కలుపుతూనే "ఒరేయ్, గరిటె తీసుకొస్తా" అని కేకేస్తోంది. పాఠం ఎప్పుడు చెబుతారమ్మా అని అడిగాను. "యాప్ వదిలాక సార్" అంది నవ్వుతూ. 2023లో మీవాళ్లు 'పోషణ్ భీ, పఢాయీ భీ' అని కార్యక్రమం పెట్టారు, తిండీ చదువూ రెండూనట. ముఖాలు గుర్తుపట్టడం మూడోది. దాన్ని పేరులో చేర్చడం మరిచినట్టున్నారు.

పేర్ల విషయంలో మాత్రం మీ చెయ్యి పెద్దదే. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులతో మొదలైనప్పుడు ఈ అంగన్‌వాడీ పథకం పేరు ఐసీడీఎస్. తర్వాత అంబ్రెల్లా ఐసీడీఎస్ అయింది. ఇప్పుడు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0. మేమూ తక్కువ తినలేదు. అన్న అమృతహస్తం, వైఎస్సార్ సంపూర్ణ పోషణ, ఆరోగ్యలక్ష్మి అని ప్రభుత్వానికొక పేరు రాసుకున్నాం. ఏ పేరు పెట్టినా పళ్లెంలో ఉన్నది అదే అన్నం, అదే పప్పు, అదే గుడ్డు.

అసలు తిరకాసు రాజ్యాంగంలోనే పడింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత విద్య ప్రాథమిక హక్కని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, అంటే ఇందులో మా వాటా కూడా ఉంది. 2002లో 86వ సవరణ చేసి ఆ హక్కును రాజ్యాంగంలోకి ఎక్కించేటప్పుడు ఆరు నుంచి పద్నాలుగు అని రాశారు. ఆరు లోపు వాళ్లను 45వ అధికరణంలోకి, ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అనే వరుసలోకి జరిపారు. హక్కు అయితే నిధులు ఇచ్చి తీరాలి. ప్రయత్నానికైతే నాలుగు రూపాయలు సరిపోతాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరిగిపోతుందని మీ ప్రభుత్వమే 2020 విద్యా విధానంలో రాసుకుంది. ఆ పేజీ మీ బడ్జెట్ విభాగం దాకా వచ్చినట్టు లేదు. ఈలోగా మా పట్నాల్లో ఎల్‌కేజీ ఫీజు కట్టగలిగినవాళ్లు కట్టుకుంటున్నారు. కట్టలేనివాళ్ల పిల్లలు యాప్ వదిలేదాకా జుట్లు పీక్కుంటున్నారు.

అభినందనలు అయిపోయాయి. ఇక అడిగేది చిన్నదే. కొత్త పథకం వద్దు, కొత్త పేరు అసలే వద్దు. కేంద్ర ఉద్యోగుల డీఏను జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ధరల సూచీ చూసి సవరిస్తారు కదా. ఆ ఫైలు మీ చేతి మీదుగానే వెళ్తుంది. అదే ఫైలులో ఒక పేరా కలపండి. పిల్లల తిండి ఖర్చు, టీచరు, ఆయాల గౌరవ వేతనం కూడా ఆ సూచీతోనే పెరుగుతాయని రాయండి. ఏటా ఎవరూ ధర్నా చేయనక్కర్లేదు, మీరు సభలో మాటివ్వనక్కర్లేదు. డబ్బెక్కడిదని అధికారులు అడిగితే నాకిచ్చిన ఎనభై వేలలో కొంత వెనక్కి తీసుకోండి. నేను కోర్టుకు వెళ్లను.

ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఉత్తర్వు వస్తే చాలు.

ఇట్లు,
పన్ను మిగుల్చుకున్న ఒక జీతగాడు,
పశ్చిమ గోదావరి జిల్లా