మహేంద్రగిరి నివాసి భార్గవరాములకు బహిరంగ లేఖ

రామయ్యపట్నము,
గంజాం జిల్లా.

మహేంద్రగిరి నిత్యనివాసులు, చిరంజీవులు, శ్రీ భార్గవరాములవారి దివ్యసముఖమునకు,

అయ్యా,

సమస్త భూమండలమును గెలిచి, కశ్యపునకు ధారవోసి, దానమిచ్చిన నేలపై నిలువరాదని తలచి మహేంద్రగిరికి విచ్చేసిన తాము, ఆ గిరియు భూమండలములోనిదే గదాయని నాటినుండి నేటివరకు ఎవరును ఆక్షేపింపకుండుటవలన అక్కడనే వసించుచున్నారని పెద్దలు చెప్పుచుండగా, జట్టుగా అడవిదారిని నడచుటను గూర్చి నాకు గల మనవులను తమకు గాక వేరెవరికి విన్నవింపవలెనో నాకు తోచలేదు. ఏలికలు లేకపోలేదు, కావలసినదానికంటె ఎక్కువగానే యున్నారు. 1936 ఏప్రిల్ 1వ తేదీని మా గంజాం చెన్నపురి రాజధానినుండి విడివడి ఒడిశాలో చేరినప్పుడు గీచిన సరిహద్దు తమ కొండ పాదముల మీదుగా పోయినది. కావున మందస వైపునుండి నడక మొదలిడినవాడు ఆంధ్రదేశమున చెప్పులు బిగించి, ఒడిశాలో శిఖరమెక్కి, మరల ఆంధ్రదేశమునకు దిగివచ్చి మందస కోవాతో అలసట తీర్చుకొనును. దారిలో జరిగినదానికి జవాబుదారి ఎవరని యడిగినచో ఈవలివారు ఆవలికిని, ఆవలివారు ఈవలికిని వ్రేలు చూపుట లోకసహజము. 1501 మీటర్ల యెత్తుగల ఆ కొండనంతటిని పాదమునుండి శిఖరమువరకు తనదనుకొనగలవారు తామొక్కరే.

నేను కడలి యొడ్డున పుట్టి పెరిగినవాడను. మా యూర చేపలవేటయే జీవనముగాగల తెలుగువారిని ఒడియావారు నోలియాలందురు. మబ్బులేని ప్రభాతములందు వేటకు పోయినవారికి పడమటి దిక్కున తమ గిరి నీలముగా నగుపించును. ఇంటిదారికి అదియొక గురుతు. ఆ సముద్రమే ఏటేట మా తీరమును కోసికొని లోనికి వచ్చుచున్నది. గొడ్డలి విసరి సముద్రుని వెనుకకు నెట్టినారని పడమటితీరమువారు తమను వేనోళ్ల కొనియాడుదురు. కాపురము తూర్పుననుండగా ఉపకారము పడమట జరిగినదేమని మా వృద్ధులు గొణుగుదురు గాని, అది వేరొక అర్జీకి తగిన విషయము.

గడచిన చలికాలమున బరంపురమునుండి బయలుదేరిన యొక నడకజట్టులో నేనును చేరితిని. దానిని నడపిన పెద్దల పేరు చెప్పను. అట్టివారు ఒక్కరు కారు. అందరికిని ఒకే రంగు టోపీలు, నిర్వాహకుని మెడలో ఈల, ఒక యువకుని భుజమున పాటలపెట్టె, ప్రతివాని చేత సెల్‌ఫోను. అరణ్యప్రవేశమునకు ఇంతటి సన్నాహము చూచినప్పుడు దశరథాత్మజునకు ఇవియేవియు లేకుండ పదునాలుగు సంవత్సరములు ఎట్లు గడచెనా యని నాకు విస్మయము కలిగినది.

ఫలహారము ముగియునప్పటికి ప్లాస్టికు పళ్లెములును నీటిసీసాలును గెడ్డ యొడ్డున కుప్పపడినవి. గుంపుగా వచ్చి తమ గిరిపై తిని త్రాగుట కొత్త కాదని నేనెరుగుదును. రఘువు దండెత్తి వచ్చినప్పుడు అతని సైనికులు మహేంద్రగిరియందు పానభూములు తీర్చుకొని కొబ్బరికల్లు త్రాగిరని కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో వర్ణించెను. అయితే వారికి పాత్రలు తమలపాకులు. కావున ఆ దండయాత్ర యొక్క యెంగిలి మరుసటి వానకే మట్టిలో కలిసియుండును. మా యెంగిలి కలియదు. 2022లో ఒడిశా ప్రభుత్వమువారు తమ గిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించియున్నారు. ఆ జీవరాశిలో నీటిసీసా చేరదని జట్టులో ఎవరైన చెప్పవలసియుండెను.

గుడిరాళ్లపై పేర్లు గీకుట మరియొక ముచ్చట. గీకవలదంటిని. రాజేంద్రచోళుడు తన విజయమును ఈ కొండపైనే సంస్కృతమునను తమిళమునను చెక్కించుకొనలేదా యని పాటలపెట్టె యువకుడు ఎదురు ప్రశ్న వేసెను. చరిత్ర చదివిన పిల్లవాడే! చోళునకు చెప్పుకొనుటకు ఒక విజయముండెను, నీకేమున్నదని అడుగబోయి, ఆడపిల్ల పేరు సగమువరకు గీచి యుండుట చూచి ఊరకుంటిని.

ఇక అసలు సంగతి. మాకు దారి చూప నియమింపబడినవాడు గిరిపాదమునందలి పల్లెకు చెందిన సవర యువకుడు. ఇతని పెద్దలు కొండవాలును మెట్లుమెట్లుగా మలచి, ప్రతి మెట్టునకును రాతికట్ట కట్టి, గెడ్డనీటిని పైమడినుండి క్రిందిమడికి జారవిడిచి వరి పండించిన నేర్పరులు. ఏ జీలుగుచెట్టు కల్లు ఎప్పుడు దిగునో, ఏ యూట వేసవిలోను ఇంకిపోదో ఇతనికి తెలియును. అట్టివానిని మావారు చద్దిమూటలు మోయుటకు మాత్రము ముందుంచుకొని, ఫర్లాంగు దూరము పోకమున్నే ఈల యూదుచు దాటిపోయిరి.

ఒక మలుపున అతడు నిలిచి, పగులగొట్టిన చెదపుట్టను చూపి, మెల్లగా ననెను: “ఎలుగు తవ్వింది బాబూ. తడి ఆరనేదు, సూడండి. ఆ పెట్టె ఆపించండి.”

“రొద విని ఎలుగు పారిపోదటోయి?” అని నేనడిగితిని.

“మనిసి గొంతు ఇంటే తప్పుకుంటాది బాబూ. మలుపుకాడ నాను దగ్గేది అందుకే. ఆ పెట్టె మోగితే దాని అలికిడి మనకి ఇనబడదు కదా.”

ఉద్దానమున జీడితోటలకు పోయి ఎలుగుబంటి పాలబడినవారి కథలు విన్నవాడను గనుక నా వెన్ను చల్లబడినది. వినిపించుటకంటె వినుట ముఖ్యమని ఒక్క దగ్గుతో చెప్పినవాని మాట నిర్వాహకునికి చేరవేయగా, ఆయన పెట్టె శబ్దమును కొంచెము తగ్గించెను.

అంతలో వెనుక ఒక యిల్లాలు రాతిపై కూలబడెను. ఆమె మాటిమాటికి వెనుకబడుచుండెను. ముందున్నవారు ఆగి, కూర్చుండి, నవ్వుకొని, ఆమె రొప్పుచు వచ్చి చేరగానే లేచి సాగుచుండిరి. విశ్రాంతి అక్కరలేనివారికి పలుమార్లు విశ్రాంతి, కావలసినయామెకు ఒక్కసారియు లేదు! సవర యువకుడు ఈ యన్యాయమును ఒక్క వాక్యముతో సవరించెను: “అమ్మా, నువ్వు నా ఎనకాల రా. నీ నడకే అందరి నడక.” అటుపిమ్మట మేము మెల్లగా నడచితిమి, ఎవరును కూర్చుండలేదు, అనుకొన్నదానికంటె ముందుగానే కొండమీది గోకర్ణేశ్వరుని సన్నిధికి చేరితిమి. శివరాత్రికి ముసలమ్మలను పసిపిల్లలను వెంటబెట్టుకొని ఈ కొండనెక్కు తెలుగు, ఒడియా పల్లెవారికి ఈ గణితము ముందే తెలియును. పట్టణమువారికి మాత్రము నేర్పవలసివచ్చినది.

మావద్ద వసూలైన సొమ్ములో అతనికి దక్కినదెంతయని యడిగితిని. నవ్వి ఊరకుండెను. సవరల విలువ నెరిగినవారును లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తానే వారి భాషకు శిష్యుడై, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. (ఈ లేఖలోని గ్రాంథికమును చూచినచో వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు నా కలము విరిచియుండును. అది నాకును ఆయనకును మధ్య వ్యవహారము.) పంతులుగారు ఒక భాషనంతటిని నేర్చుకొనిరి, మావారు ఒక పూట ఆ పిల్లవాని వెనుక నడువలేకపోయిరి.

కావున తాము దయచేసి ఈ క్రింది ఉత్తరువులను అనుగ్రహింపవలెను: తమ గిరియందు జట్టుకు ముందు నడుచువాడు ఆ నేలపై పుట్టినవాడై యుండవలెననియు, అతడు నిలువుమన్నచోట నిలుచుట, వెనుకకు మరలుమన్నచోట మరలుట నిర్వాహకులకు సహితము విధియనియు, అతని కూలి జట్టువారందరి యెదుట అతని చేతికే ముట్టవలెననియు, ఈలయు పాటలపెట్టెయు బస్సులోనే విడువబడవలెననియు. కార్తవీర్యుని సహస్రబాహువులను ఖండించిన తమకు సెల్ఫీకై చాచిన బాహువులొక లెక్క గావు. ఖండింపవలదు, దింపించిన చాలును.

ప్రత్యుత్తరము సంస్కృతముననున్నచో మా కోవెల అయ్యగారు చదివి చెప్పుదురు. సవరభాషలోనైనచో మరియు మేలు. 1936లో మంగేయ్ గొమాంగో ఆ భాషకు సొరాంగ్ సోంపెంగ్ అను లిపినే కల్పించియున్నాడు. తమ యుత్తరువును జట్టువారికి వినిపించు పనిని ఆ యువకునికే యొప్పగింతును. అతనిని దాటిపోవుటకు వీలులేనంత ఇరుకైన కాలిబాటపై.

ఇట్లు,
తమ విధేయుడు,
తీరమునుండి తమ కొండను చూచువాడు.