నేడు నగదు – రేపు ఉద్దెర: సటీకా తాత్పర్యము

మూలము: నేడు నగదు – రేపు ఉద్దెర.

టీక: నేడు = గిరాకి దుకాణం మెట్టెక్కిన ఏ దినమైనను; నగదు = గల్లాలో పడి చప్పుడు చేయునది (ఫోన్‌పే వచ్చినది మొదలు ఆ చప్పుడు పక్కనున్న డబ్బా చేయుచున్నది); రేపు = పంచాంగమునకు అందని తిథి; ఉద్దెర = కొడుకును ఇవ్వవద్దని నాయిన తాను ఇచ్చునది.

తాత్పర్యము: మోస్రా, వర్ని, బోధన్ కిరాణం దుకాణాల బోర్డు మీద కనిపించే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు, భాష్యకారుడు మాత్రం తండ్రే. బోర్డు చదివి వ్యాపారి అయినవాడు లేడు. తండ్రి దాన్ని ఎవరి ముందు పాటించాడు, ఎవరి ముందు మరిచాడు అన్నదే కొడుకు చదువు. అక్షరాలా పాటిస్తే ఈ నేల మీద దుకాణం నడవదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, ఆ దశాబ్దం చివర బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో లేచిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇక్కడి రైతును చెరుకు వైపు తిప్పాయి. చెరుకు కోతకు రావడానికి పది పన్నెండు నెలలు. తోలిన గడకు డబ్బు కట్టడానికి 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ఫ్యాక్టరీకి మరో 14 రోజులిచ్చింది. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ అంది. ఫ్యాక్టరీకే చట్టం ‘రేపు’ రాసిచ్చాక, ఆ రైతింటి ఉప్పూ పప్పూ మాత్రం ‘నేడే’ అంటే ఏ మీమాంసకుడు ఒప్పుకుంటాడు?

శంక: ఉద్దెర దుకాణాన్ని ముంచదా? 2015 డిసెంబరులో అదే ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. అక్కడి కార్మికుల జీతాన్ని నమ్మి రాసుకున్న ఖాతాకు దిక్కెవరు? బలమైన పూర్వపక్షమే. మనిషి ఎంత మంచివాడైనా జీతం ఆగితే బాకీ ఆగుతుంది. అందుకే తండ్రి పాఠంలో మనిషిని చూడడం సగమే. వరి కోత ఎప్పుడు, వడ్ల పైసలు ఎప్పుడు పడతాయి, బీడీలు చుట్టే ఇంటికి కూలి ఏ రోజు అందుతుంది – ఈ లెక్కే మిగతా సగం. అది ఖాతా బుక్కులో ఉండదు, పక్కన కూర్చుంటేనే వస్తుంది.

మరి పాటించని బోర్డు ఎందుకు, కొడుకుకు అబద్ధం నేర్పడానికా అంటే, కాదు. లేదని నాయిన అంటే పగ పుడుతుంది. అదే మాట బోర్డు చెబితే అది అందరికీ ఉన్న కట్టుబాటు, అడిగినవాడు చిన్నబోడు. కంప్యూటర్ బిల్లింగ్ పెట్టిన కొడుకులు కొందరు ప్రతి గిరాకికీ ఒకటే ఉద్దెర హద్దు కడతారు. పాఠాంతరంగా దాన్ని ఇక్కడ చూపాము గాని, మా మతంలో అది ప్రక్షిప్తం.