కొర్రమట్ట కాపలా

నేను కొర్రమట్టను. కోస్తావాళ్లకు కొర్రమీనును. తెలంగాణ రాష్ట్ర చేప మా జాతే. నా బతుకు మాత్రం సూరత్ జిల్లా బార్డోలీ వైపు, చెరకు పొలాల నడుమ ఉన్న ఓ చిన్న కుంటలో.

కుంట యజమాని పెద్దాయనది సిరిసిల్ల. ఏళ్ల తరబడి సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాలు నడిపించి, చివరికి ఈ నేల చెక్క కొనుక్కున్నాడు. కుంట తవ్వించి రవ్వ, బొచ్చె పిల్లలు వదిలాడు. కాకరాపార్ కాలువ నీళ్లు పెట్టినప్పుడు తూముకు జాలీ లేదు. ఆ నీళ్లతోపాటే జిలేబీలు, అంటే తిలాపియాలు, లోపలికొచ్చాయి.

వాటి పుట్టిల్లు ఆగ్నేయ ఆఫ్రికా నదులు. 1952లో మన దేశానికి తెచ్చారు. 1959 నాటికే వద్దన్నారు కానీ అప్పటికే చేయి దాటిపోయింది. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెడతాయి. తల్లి ఆ గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. అన్నాళ్లూ దాదాపు పస్తే. పిల్లలు బయటికొచ్చి గడ్డి అంచున తిరుగుతుంటే నేను కదలకుండా కాచుకుని ఉంటాను. నా నీడ పడిందా, తల్లి నోరు తెరుస్తుంది, అన్నీ ఒక్కసారిగా లోపలికి దూరిపోతాయి. అంత కాపాడుకుంటే పిల్లలు బతక్క ఏం చేస్తాయి!

బతికినవన్నీ పెరిగితే బాధ లేకపోయేది. తిండి పంచుకుని పంచుకుని ఏదీ బెత్తెడు దాటలేదు. ఉన్న బలమంతా మళ్లీ గుడ్లకే పోయింది. రవ్వలు పక్కలు లోపలికి పీక్కుపోయి తిరిగేవి. తెల్లవారుజామున నీళ్లలో గాలి చాలక అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచేవి. నేను బయటి గాలి కూడా పీల్చగలను కాబట్టి నాకు ఆ కష్టం లేదు. కానీ పక్కనే అవి అలా కొట్టుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

"బాపూ, ఇంకో బస్తా తవుడు తేవాల్నా?" అని కొడుకు అడిగాడు.

"తవుడు కాదు బిడ్డా, వల తే. చేపలెక్కువైనయి, కుంట సరిపోతలేదు" అన్నాడు పెద్దాయన.

నాకు ఆ మాట బాగా నచ్చింది. దాణా పెంచిన కొద్దీ జిలేబీలే పెరుగుతాయి. నీళ్లు మురిగి, గాలి ఇంకా తగ్గుతుంది. తీసేయడం తప్ప దారి లేదు. మమ్మల్ని అంగట్లో ప్రాణాలతో కొని ఇక్కడ దింపిందీ అందుకే. అయితే నా నోటికి పట్టేవి పిల్లలే. పెద్ద జిలేబీలను వల లాగి తీయాల్సిందే, అదీ ఒకసారి లాగి ఊరుకుంటే కాదు. నాలుగు నెలలు వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

వేటాడే చేపను వదిలితే చాలనుకునేవాళ్లు అమెరికా చెరువుల సంగతి వినాలి. అక్కడ వేటాడేది బాస్. అదే ఎక్కువైతే ఎర కరువై, పెద్ద తలా బక్క ఒళ్లూ వేసుకుని తిరుగుతుంది. అప్పుడు చిన్న బాస్‌లను ఏరి తీసేయాలి. అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ దశాబ్దాలపాటు చేపల చెరువులను పరిశీలించాడు. తినే చేపకూ తినబడే చేపకూ మధ్య ఉండాల్సిన తూకం మీద తన పరిశోధనను 1950లో అచ్చువేశాడు. ఆ తూకం నాకూ వర్తిస్తుంది. వానాకాలంలో ఎర్రటి నా పిల్లల గుంపును ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా కాపాడుకుంటాను. అయినా వాటిలో ఎక్కువ భాగాన్ని తీసి వేరే చోటికి పంపాల్సిందే. కన్నదాన్ని కాబట్టి చెప్పడం కష్టంగానే ఉంది.

ఈ వేసవిలో నీళ్లు తోడేస్తున్నారు. అడుగున మిగిలిన జిలేబీలు చావడానికి బురదనీటిలో ఇప్ప చెక్క, అంటే నూనె తీసిన ఇప్పగింజల పిప్పి, వేస్తారట. వెయ్యి చదరపు మీటర్ల కుంటలో మీటరు లోతు నీళ్లుంటే 250 కిలోలు పడుతుంది. నీళ్లు తక్కువైతే ఆ లెక్కన తగ్గించుకోవచ్చు. దాని విషం చేపలను చంపి, మూడు వారాల్లో విరిగి ఎరువవుతుంది. మమ్మల్ని ముందే సిమెంటు తొట్టిలోకి మార్చారు. తూముకు సన్నకంటి జాలీ బిగించి నీళ్లు పెడతారు. ముందు రవ్వ, బొచ్చె పిల్లలను వదులుతారు. అవి జానెడు దాటి, నా నోటికి పట్టనంత అయ్యాకే మమ్మల్ని దింపుతారు. అదీ అందరినీ కాదు, కొద్దిమందినే.