పిట్ట రాదదేల: మూకుడు అను వ్యాఖ్య

మూలం:

పిట్ట రాదదేల పెద్దయింటికటంచు
చెట్టు కొట్టినట్టి చేయె యడిగె
నీడ లేని చోట నిలుచునా యొక పాట
నీళ్ళు పెట్టు మొదట నీమమొప్ప

అవతారిక. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుకు ఆవల, మొన్నమొన్నటిదాకా మామిడితోటగా ఉండి ఇప్పుడు విల్లాలుగా వెలసిన మా కాలనీలో, నోటీసు బోర్డు మీద, మెయింటెనెన్సు బకాయిల జాబితాకూ కుక్కలు పెంచేవారికి హెచ్చరికకూ నడుమ, ఒక ఉదయం ఈ ఆటవెలది ప్రత్యక్షమయింది. కర్త అజ్ఞాతుడు. పాత బకాయిల జాబితా వెనకవైపున రాశాడు గనుక పొదుపరి అని మాత్రం ఊహింపదగును.

సందర్భం ఏమనగా: అంతకు ముందు ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఒకాయన లేచి "ఇంత పోసి కొన్నాం, తెల్లారితే ట్యాంకరు హారన్ తప్ప ఒక్క పిట్ట కూత వినపడదేమిటండీ" అని నిలదీశారు. చర్చ గంటన్నర సాగింది. వాకింగ్ ట్రాక్ పొడుగునా స్పీకర్లు బిగించి పొద్దున్నే పిట్టకూతలు వినిపించవలెనని తీర్మానం అయింది. మూడో రోజున పద్యం.

మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకొనే మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్క మాట రాయనని ఒట్టు పెట్టుకొని మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. దానికి సంజీవని అని పేరు పెట్టాడు. అంతటి ఒట్టుకు మేము తూగలేము. మా వ్యాఖ్య పేరు మూకుడు. ఎందుకో నాలుగో పాదం దగ్గర తెలుస్తుంది.

టీక. పిట్ట = పక్షి. సామాన్యవాచకమైనా ఇక్కడ పాడే పక్షి అని విశేషార్థం చెప్పుకోవాలి. లేకపోతే "రాదు" అన్న మాట అబద్ధమవుతుంది. పావురాలు రానే వచ్చాయి కదా. గృహప్రవేశానికి మనకంటే ముందు వచ్చి, ఏసీ పెట్టెల వెనక కాపురాలు పెట్టి, వలలు కట్టే వాళ్ళకు బతుకుతెరువు కల్పించాయి.

మరి పాడే పిట్ట ఏది? ఇక్కడ శాస్త్రానికీ కవులకూ పెద్ద తగవు. గాలిగొట్టం ఊపిరితిత్తుల కోసం రెండుగా చీలే చోట పక్షికి శబ్దపేటిక ఉంటుంది. దాన్ని ఆడించే కండరాలు బాగా పెరిగి, రెండు పాయలనూ వేరువేరుగా పలికించగలిగిన వాటినే శాస్త్రజ్ఞులు గానపక్షుల వర్గంలో చేర్చారు. ఆ లెక్కన కాకి గానపక్షి. కోకిల కాదు. ఈ మాట చదివి తెలుగు కవులెవరైనా నొచ్చుకుంటే వ్యాఖ్యాత బాధ్యుడు కాడు. పైగా కుహూ అనేది మగ కోకిల. ఆడది కిక్ కిక్ అని తొందరతొందరగా అరిచి ఊరుకుంటుంది. గుడ్డు పెట్టేది కాకి గూట్లో. కాకి గూడు కట్టాలంటే మామూలుగా చెట్టు కావాలి. కావున కోకిల కావాలన్న తీర్మానం చేసే సభ, ముందుగా కాకికి స్వాగత తీర్మానం చేయవలసి ఉంటుంది. మా సభ అందుకు ఒప్పుకోదు. కాకుల మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులు ఉన్నాయి.

ఆచరణకు దగ్గరగా చెప్పాలంటే ఈ పద్యంలోని పిట్ట ముఖ్యంగా పెద్ద నల్లంచి. నలుపు తెలుపుల జత, ఎత్తిన తోక, తెల్లవారుజామున నీళ్ళట్యాంకు మీదనో యాంటెన్నా మీదనో ఎక్కి తీరిగ్గా ఆలాపన. బంగ్లాదేశ్ వాళ్ళు దీన్నే దోయెల్ అని జాతీయపక్షిని చేసుకున్నారు. దీని వెనక దాని చిన్న చుట్టం నల్లంచి, తోక కింద ఎర్రని మచ్చతో పిగిలిపిట్ట, మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్ట, బొటనవేలంత ఉండి బజారంతా వినపడేలా అరిచే జిట్ట. జిట్ట అనగా ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీ పిట్ట. ఇలాంటి ఊరి పేర్లు పుస్తకాలకెక్కడంలో, పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర చెయ్యి ఉంది. యానాదులను అడిగి రాసుకున్నాడు. మన విల్లాల వాళ్ళు గూగుల్‌ను అడుగుతున్నారు. అది వాళ్ళకు నైటింగేల్ చూపిస్తున్నది.

రాదదేల = ఎందుకు రాదు. ఈ ప్రశ్నకు జవాబు పద్యంలో మాటగా లేదు, ధ్వనిగా ఉంది. కొంచెం ఆగండి.

పెద్దయింటికి = పెద్ద ఇంటికి. ఇక్కడ షష్ఠీవిభక్తి. కవి కావాలనే తప్పు విభక్తి వాడాడని మా అభిప్రాయం. పిట్ట ఇంటికి రాదు, పెరట్లోకి వస్తుంది. మా ఇళ్ళకు పెరడు లేదు. ఉన్న నాలుగడుగుల జాగాలో టైల్స్ పరిచి, దాన్ని యుటిలిటీ అంటున్నారు.

అటంచు = అని.

చెట్టు కొట్టినట్టి చేయె యడిగె = చెట్టును నరికిన చెయ్యే అడిగింది. ఎవరి చెయ్యి అని ప్రశ్న. బిల్డరు చెయ్యి అని పూర్వపక్షం. సభలో అందరూ ఆ పక్షమే. అది నిలవదు. బిల్డరు లేఅవుటులో పాత మామిళ్ళు పదకొండు మిగిల్చాడు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని ఒకరు, రాలిన ఆకు కారు వైపరులో ఇరుక్కుంటోందని ఒకరు, చీమలని ఒకరు, కొమ్మ మీదుగా దొంగ దిగుతాడని ఒకరు, ఇలా ఒక్కొక్కటిగా పదింటిని తీయించారు. పదకొండోది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంది. అది ఎవరి ఈశాన్యమూ కాదు గనుక బతికింది. "చేయె" అన్న ఏవకారం చేత, కొట్టిన చెయ్యీ సభలో ఎత్తిన చెయ్యీ ఒకటే అని సిద్ధాంతం.

ఛందస్సు ప్రసంగవశాత్తూ: పిట్ట, చెట్టు, కొట్టి, నట్టి. మొదటి రెండు పాదాల్లో ఈ ద్విత్వ టకారాలు గొడ్డలిదెబ్బల్లా పడతాయి. మూడో పాదానికి చెట్టు లేదు, చప్పుడూ లేదు. యతులు సరిపోయాయి. ఇంతకుమించి ఛందస్సు గురించి చెప్పడానికేమీ లేదు.

నీడ లేని చోట = నీడ అనగా వెలుతురు లేకపోవడం మాత్రమే కాదు. అలాగైతే సెల్లార్ పార్కింగులో పిట్టలు కిటకిటలాడాలి. పిట్ట నీడకు మూడు అంతస్తులుంటాయి: కింద రాలిన ఆకు, నడుమ ముళ్ళతోనో చిక్కుకొమ్మలతోనో పొద, పైన కొమ్మ. ఆకు కింద పురుగు ఏరుకొంటుంది, పొదలో దాక్కొంటుంది, కొమ్మ ఎక్కి పాడుతుంది. మా ల్యాండ్‌స్కేపింగు చూడండి. కింద కార్పెట్ లాన్. రాలిన ఆకును బ్లోయరుతో ఊదేస్తారు. పైన రాయల్ పామ్. పొడుగేగానీ కూర్చోవడానికి కొమ్మ లేదు. నడుమ, ప్రహరీ పొడుగునా కోనోకార్పస్, పెట్టెలా కత్తిరిస్తారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ చెట్టును నాటరాదని నిషేధించింది. మావాళ్ళు మరుసటి ఏడే మరో రెండు వందలు తెప్పించారు, రేటు తగ్గిందని.

ఇప్పుడు ధ్వని. ఇవన్నీ అమ్మిన నర్సరీ అతను ప్రతి మొక్క దగ్గరా ఒకే మాట చెప్పాడు: "దీనికి పురుగు పట్టదు సార్." మేము మురిసిపోయి కొన్నాం. పద్యంలో పిట్ట ఉంది, చెట్టు ఉంది, నీడ ఉంది, నీళ్ళున్నాయి, పురుగు లేదు. కవి దాచిన మాట అదే. గింజ తిని బతికే పిచ్చుక కూడా కళ్ళు తెరవని పిల్లకు గింజ పెట్టదు, మెత్తని పురుగు తెచ్చి పెడుతుంది. తేనె తాగే తేనెపిట్ట సాలెపురుగులు పట్టుకెళుతుంది. జిట్ట, నల్లంచి సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి పిట్టను పిలవడమంటే పురుగుకు విస్తరి వేయడం. కరివేపాకు చెట్టు మీదా నిమ్మ మీదా ఒక సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. దాని గొంగళి చిన్నతనంలో అచ్చం పిట్టరెట్టలా, నలుపూ తెలుపూ కలిసి ఆకు మీద ముడుచుకొని ఉంటుంది. పిట్ట మోసపోవాలని ఆ వేషం. మా కాలనీలో పిట్టే లేదు. అయినా అది వేషం విప్పలేదు. ఇచట భ్రాంతిమదలంకారం. పొరపడవలసిన పాత్ర రంగం మీదికి రాకపోవడం ఒక్కటే లోపం. మా ఎదురింటావిడ కూడా రెట్టే అనుకొని, పిట్ట వచ్చిందని గ్రూపులో ఫొటో పెట్టారు. నలభై ఏడు నమస్కారాలు వచ్చాయి. నిజం తెలిశాక పెస్ట్ కంట్రోల్ వచ్చింది.

నిలుచునా యొక పాట = ఒక్క పాటైనా నిలుస్తుందా. "ఒక" అన్నది పాదపూరణమని కొందరు. కాదు. పెద్ద నల్లంచి గూడుకట్టే కాలంలో తన హద్దులోకి మరో మగదాన్ని రానీయదు. ఒక హద్దుకు ఒకే పాట. ఆ పాట మన వాకింగుకు నేపథ్యసంగీతం కాదు. హద్దురాయి, పెళ్ళిచూపులు రెండూ అదే. ఇందుకు దృష్టాంతం: గత మార్చిలో ఎటునుంచో ఒక పిగిలిపిట్ట వచ్చింది. సెక్రటరీగారి కారు అద్దంలో తన ప్రతిబింబాన్ని చూసి, పగవాడనుకొని, మూడు రోజులు పొడిచి వెళ్ళిపోయింది. ఆయన ఇప్పటికీ అద్దాలకు సాక్సు తొడిగి ఉంచుతారు.

ఈ న్యాయం చొప్పున స్పీకర్ల తీర్మానం గతి ఏమిటి? దారిన పోయే నల్లంచికి స్పీకరు కూత వినబడితే, ఇక్కడ ఎవడో బలమైనవాడు స్థిరపడ్డాడని తోస్తుంది. ఐతే పోట్లాటకు దిగి అలసిపోతుంది, లేదా పక్క ఊరు చూసుకొంటుంది. అనగా పిట్టల్ని రప్పించే పరికరం పిట్టల్ని వెళ్ళగొడుతుంది. దీన్ని విరోధాభాసమందామంటే, ఆభాసం కాదు, అసలు విరోధమే. రణగొణ సంగతి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊళ్ళో రొద ఎక్కువున్న చోట గ్రేట్ టిట్ పిట్టలు అడుగుస్వరాలు వదిలేసి శ్రుతి పెంచి పాడుతున్నాయని 2003లో పరిశోధకులు రాశారు. మా క్లబ్‌హౌస్ జనరేటరు పక్కన ఏ శ్రుతిలో పాడాలో వాళ్ళు చెప్పలేదు.

నీళ్ళు పెట్టు = నీళ్ళను పెట్టుము. విధ్యర్థకం. ఎందులో? మూకుట్లో. ఇక్కడికి వ్యాఖ్య పేరు సార్థకమయింది. సిమెంటు ఫౌంటెన్ కాదు, పింగాణీ హంస కాదు. కుమ్మరి దగ్గర దొరికే వెడల్పాటి మట్టి మూకుడు. అడుగు గరుకుగా ఉంటుంది, కాలు జారదు. లోతు రెండు వేళ్ళు. నడుమ ఒక చిన్న రాయి. పిట్టకు చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పడమే దాని ఫ్యాను. మే నెలలో డాబా పిట్టగోడ మీద పెట్టిన నీళ్ళు మధ్యాహ్నానికి కషాయమవుతాయి. నీడన పెట్టాలి, కానీ పిల్లి పొంచి ఉండే గుబురు పక్కన కాదు. "పిట్టగోడ" అన్న మాట ఉన్నంత మాత్రాన అక్కడే పెట్టమని అర్థం కాదని గ్రహించునది.

మొదట = ముందుగా. గింజలకంటే ముందు అని భావం. గింజలు చల్లితే వచ్చేది ఎవరో పైన చెప్పాం, వాటికి వలలున్నాయి. తొలకరికి నాటితే సింగపూర్ చెర్రీ రెండేళ్ళలో పళ్ళిస్తుంది, పిగిలిపిట్ట దాన్ని వదలదు. వాక్కాయ, గోరింట కంచెగా వేస్తే గూటికి చోటు. నీళ్ళకు మాత్రం తొలకరి దాకా ఆగనక్కర్లేదు.

నీమమొప్ప = నీమము అనగా నియమం, దాని వికృతి; నియమంగా, రోజూ అని. ఇక్కడ గొప్ప అర్థభేదం ఉంది. ప్రెసిడెంటుగారు ఇంగ్లీషు మీడియం. "నీమ్ అంటే వేప కదా, వేపచెట్లు పెట్టమంటున్నాడు" అని వ్యాఖ్యానించి నలభై వేపమొక్కలు తెప్పించి నాటించారు. అపార్థం వలన మా కాలనీలో జరిగిన మంచిపని ఇదొక్కటే కావడం చేత, వ్యాఖ్యాత ఆయన్ను సవరించలేదు. అసలు అర్థం చొప్పున, మూకుడు రోజూ కడిగి నీళ్ళు మార్చాలి. డెంగీ దోమ గుడ్డు, దోమగా ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. నీళ్ళు మారితే ఆ కథ సాగదు. మొదటి వారం ముప్ఫై మూకుళ్ళు వెలిశాయి. రెండో వారం ముప్ఫై మూకుళ్ళున్నాయి, మూడింట్లో నీళ్ళున్నాయి. తరవాత కొన్ని యాష్‌ట్రేలయ్యాయి.

తాత్పర్యం. చెట్టు కొట్టినవాడే పిట్ట ఏదని అడుగుచున్నాడు; ముందు నీళ్ళు పెట్టమని కవి చెప్పుచున్నాడు. బడిపిల్లలు పరీక్షకు ఇంతమటుకు రాస్తే చాలు.

శేషవ్యాఖ్య. నియమం తప్పని మూడు మూకుళ్ళలో ఒకటి ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) వెనక ఉంది. తోటమాలిది. లాన్‌కు కొట్టే మందు అక్కడిదాకా రాదు. ఆ చాటున ఆయన నాలుగు వంగమొక్కలు, కాస్త తోటకూర వేసుకున్నాడు. మొదట కాకి వచ్చి ఎండు రొట్టెముక్క నానబెట్టుకొని పోయింది. తరవాత పిగిలిపిట్టల జంట. పోయిన వారం తోటమాలి నన్ను పిలిచి, "సార్, ఆకును ఎవరో కుట్టిన్రు, సూడున్రి" అన్నాడు. రెండు వంగాకుల అంచులు కలిపి, సాలెగూటి పోగుతో, దూదితో, చిల్లు వెంట చిల్లు వేసి కుట్టి ఉంది. లోపల మూడు గుడ్లు. పక్కనే జిట్ట మమ్మల్ని తిడుతోంది. గానమని దాన్ని అనలేము.

ఈ ఆదివారం సమావేశపు అజెండాలో నాలుగో అంశం: "ఎస్టీపీ వెనక అనధికారికంగా వేసిన కూరగాయ మొక్కల తొలగింపు." జిట్ట గుడ్లు పొదగడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో పద్నాలుగు. తీర్మానానికి కోరం నలభై మంది. ఆ రోజు గట్టి వాన పడే సూచన ఉందంటున్నారు, క్రికెట్టు మ్యాచి కూడా ఉంది. వచ్చేవాళ్ళు ముప్ఫై తొమ్మిదికి మించకుండా చూడమని వ్యాఖ్యాత ఇష్టదేవతను ప్రార్థించి, తాను కూడా ఆ పూట ఊళ్ళో లేకుండా పోవడానికి బస్సు టికెట్టు తీసుకున్నాడు.