శుక్తిరజతీయము: ఒక క్యాల్షియం మాత్రల షీటునకు టీకాతాత్పర్యములు

మూలమునందు లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ పట్టి కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమవాడని చెప్పుకొని గర్వించుట మనకు పరిపాటి. ఆ మహానుభావునకు కావ్యములు లభించినవి. మాకు లభించినది మందుల దుకాణమువాడు కత్తెరతో సగమునకు కోసి యిచ్చిన క్యాల్షియం మాత్రల షీటు. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగమును పాటింప యత్నింతుము. రెండవ సగము మా వశము కాదు.

ఇట్టి గ్రంథమునకు వ్యాఖ్య యేల యందురా? నలువది దాటిన స్త్రీపురుషులు నలుగురు కూడినచోట, అది పెండ్లిపందిరియైనను పండ్రెండవనాటి భోజనమైనను, మోకాళ్ల ప్రసక్తియు, దాని వెనువెంట మాత్రల ప్రసక్తియు రాక తప్పదు. 'నేను వాడునది మంచిది, నీవును అదే తెప్పించుకొనుము' అని యొకరు పలుక, 'అది ఐదువందలదే, నాది వేయి' అని వేరొకరు మీసము దువ్వ, 'మాది సముద్రపు పగడమునుండి తీసినది, మా అబ్బాయి డాలస్ నుండి పంపినాడు' అని మూడవవారు ఉభయులను ఓడించి తాంబూలము గైకొందురు. ఇంత వాదము జరిగినను మూలగ్రంథమును వెనుకకు త్రిప్పి చదివినవారు అందొక్కరును ఉండరు. చదువుదమన్నను అందలి అక్షరములు, వాని యవసరము గల వయసువారి కంటికి, ఆనవు.

మూలము ఆంగ్లమున నుండగా తెనిగించి యిచ్చుచున్నాము: "ప్రతి ఫిల్మ్ కోటెడ్ టాబ్లెట్టునందును: ఆర్గానిక్ సోర్సు, అనగా ఆయిస్టర్ షెల్, నుండి లభించిన క్యాల్షియం కార్బొనేటు 1250 మి.గ్రా., ఎలిమెంటల్ క్యాల్షియం 500 మి.గ్రా.లకు సమానము, విటమిన్ డి3 250 ఐ.యు. మోతాదు: వైద్యుని ఆదేశానుసారము. 30 డిగ్రీలకు మించని చోట, వెలుతురు సోకకుండ భద్రపరుపుడు. పిల్లలకు అందకుండ ఉంచుడు."

పాఠనిర్ణయము. మాకు దొరకిన ప్రతి ఖండితము. షీటు వెనుక నదే వాక్యమును మరల మరల అచ్చు వేయుదురు గావున కోసిన ముక్కలోనైనను పూర్ణపాఠము దొరకునని యాశింపవచ్చును గాని, కత్తెర యేమో 'ఎలిమెంటల్' అను పదమునకును దాని సంఖ్యకును నడుమనే పోవును. గడువు తేదీయు, బ్యాచి నంబరును ఒక కొసన మాత్రమే ముద్రితములు. ఆ కొస దుకాణమువాని డబ్బాలోనే నిలిచిపోవును. తాళపత్రగ్రంథమునకు చివరి ఆకు పోయినచో కాలనిర్ణయము పండితులకు వ్యాసంగము. మాత్రల షీటునకు చివరి గడి పోయినచో కాలనిర్ణయము రోగి కడుపునకు వదలబడును. లుప్తభాగములను రాత్రి దుకాణము మూయువేళకు పోయి రెండవ ముక్కతో సరిచూచి పూరించితిమి. దుకాణమువాడు మమ్ము డ్రగ్ ఇన్‌స్పెక్టరని భ్రమించి మంచినీళ్లిచ్చినాడు.

ఇక టీక. 'ప్రతి ఫిల్మ్ కోటెడ్ టాబ్లెట్టునందును' అనుట స్పష్టము. వదలుచున్నాము.

'ఆర్గానిక్ సోర్సు, అనగా ఆయిస్టర్ షెల్': ఇచ్చట కొంత నిలువవలయును. ఆయిస్టర్ షెల్ అనగా ఆలిచిప్ప, సంస్కృతమున శుక్తి. ఆర్గానిక్ అను విశేషణము చిప్పకు ప్రాణిసంబంధమును మాత్రము చెప్పి యూరకుండును. కార్తికమాసమున ఉల్లిగడ్డ ముట్టని మా యత్తలును పిన్నులును ప్రతి రాత్రియు భోజనానంతరము ఒక సముద్రజీవి కవచమును కండ్లు మూసికొని భక్తితో మ్రింగుచున్నారన్నమాట. ఆక్షేపింపము, శంఖభస్మము, ప్రవాళభస్మము, ముక్తాశుక్తిభస్మము, గవ్వలనుండి చేయు వరాటికాభస్మము మన వైద్యమున ఏనాటినుండియో కలవు, వాని సారమెల్ల సున్నపు ధాతువే. కాని తాండూరు నాపరాతిలోని క్యాల్షియం కార్బొనేటునకును చిప్పలోనిదానికిని రసాయనభేద మిసుమంతయు లేదు. పగడమునుండి తీసినదియు అదియే. చిప్పనుండి తీసినంతనే శ్రేష్ఠమగుననుట వంశమును చెప్పి వరుని అంటగట్టుట. పైగా సరిగా శుద్ధి చేయని చిప్పలయందు సీసము కలిసియుండు భయమొకటి కలదు.

శుక్తి యనగానే దర్శనములు చదివినవానికి రజతము స్ఫురింపకుండుట యసంభవము. వందల యేండ్లపాటు భారతీయ దార్శనికులు, చూచినవాడు వెండియని భ్రమించిన యొక చిప్పనుద్దేశించి కలహించిరి. దూరమునుండి చూచినవాడు 'ఇది వెండి' యని పరుగెత్తును. చేరి చూడ చిప్ప. నడుమ తోచిన యా వెండి యెక్కడిది? లోపలి విజ్ఞానమే వెలుపల వెండియై తోచెనని యోగాచారులు. లేనిదే తోచెననుట మాధ్యమికులకు అంటగట్టబడిన మతము. అంగడిలో మున్ను చూచిన వెండియే యిచ్చట మరియొక విధమున తోచెనని నైయాయికులు. ప్రాభాకరులు భ్రాంతియే లేదందురు: కంటికి కనబడిన 'ఇది' యొకటి, జ్ఞప్తికి వచ్చిన 'వెండి' యొకటి, రెంటి భేదము పట్టుపడలేదు, అంతియ. ఆ వెండిని ఉన్నదనరాదు, లేదనరాదు, అది అనిర్వచనీయమని అద్వైతులు.

ఈ ఖ్యాతివాదములన్నియు శాస్త్రపాఠశాలలయందు క్షీణించినను మందుల దుకాణమున నేటికిని సజీవములు. ప్రకటనలో నటి మెట్లెక్కుట చూచి తన మోకాలు కుదుటపడెననుకొనువాడు యోగాచారుడు. డబ్బాపై 'నూతన శక్తి' యని యుండ, అట్టి పదార్థము లోపలి జాబితాలో నెచటను లేకున్నను, దానికే రూకలు పోయువాడు మాధ్యమికుడు. పొరుగింటామెకు పనిచేసిన మాత్రయే తనకును పనిచేయునని పేరు వ్రాయించుకొని వచ్చునామె నైయాయికురాలు. అంగడిలోని వెండిని ఇచ్చట చూచుచున్నది. డబ్బాపై 'వేయి' యను అంకెను చూచి, ఎవరో దినమునకు వేయి కావలయునన్న మాట జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ వేయియు ఈ వేయియు నొకటే యనుకొనువాడు ప్రాభాకరుడు. వీని కథ ముందు రానున్నది. నెల దినములు వాడితివి గదా, గుణమున్నదా యని యడిగిన 'ఉన్నదనలేను, లేదనలేను' అను మా మిత్రుడు నిక్కపు అద్వైతి.

శేషించినవారు విశిష్టాద్వైతులు. సృష్టిలో భూతములన్నియు నొకదానితో నొకటి కలిసియే యుండును గాన చిప్పలో వెండి యంశము నిజముగనే కొంత కలదు, కాబట్టి వెండియని తోచుట యథార్థజ్ఞానమే యని వారి సత్ఖ్యాతి. తక్కినవారెల్లరును దీనిని మొండివాదమని నవ్విరి. కాని 1808వ సంవత్సరమున లండనులో హంఫ్రీ డేవీ యనునాతడు సున్నమునుండి విద్యుత్తు సాయమున నొక క్రొత్త లోహమును వేరుపరచెను. దానికి క్యాల్షియమని పేరిడెను. ఆ లోహము, విద్వాంసులారా, తెల్లగా వెండివలె మెరయును! చిప్పను కాల్చిన సున్నము. సున్నమును విడదీసిన వెండివన్నె లోహము. చిప్పలోని కార్బొనేటు నూరు పాళ్లలో నలువది పాళ్లు అదియే. శ్రీభాష్యకారుల పక్షము గెలిచినది. శ్రీరంగమునందు గాని మేలుకోటయందు గాని ఈ వార్తకు నగారా మ్రోగినట్లు మేము వినలేదు. ఒక మహావాదము ప్రయోగశాలయందు తీర్పునొంద, ఉభయపక్షములలో నొక్కరును ఆ తీర్పు నకలు తెచ్చుకొనకుండుటకంటె విచారకరమేమి కలదు? దీనిపై వేరొక గ్రంథమే వ్రాయదగును. పాఠకులు షీటును మరచియుందురు, మేమును మరచితిమి.

'సమానము': ప్రాభాకరుని కథ యిచ్చటిది. 1250 మిల్లీగ్రాముల కార్బొనేటులో క్యాల్షియం 500. తక్కిన 750 కర్బనమును ఆమ్లజనియు. సిట్రేటులో క్యాల్షియం నూటికి ఇరువదియొకటి, లాక్టేటులో పదుమూడు, గ్లూకొనేటులో తొమ్మిది. కావున వేయి మిల్లీగ్రాముల సిట్రేటు మ్రింగి గర్వించువానికి దక్కునది 210 మాత్రమే. డబ్బా ముందు 1000 అను అంకె బొటనవ్రేలంత యుండును. 210 అనునది వెనుక వంపులో, మడతపై నుండును. అబద్ధము లేదు గాన అతిశయోక్తి యనరాదు, శ్లేష యనవలసియున్నది.

అట్లైన 500 ఇచ్చు కార్బొనేటే ఎల్లరకు మేలా? కాదు. అది కరగుటకు కడుపులో ఆమ్లము కావలయును గాన అన్నముతో గాని అన్నము తిన్న వెంటనే గాని వేసికొనవలయును. గ్యాసుకని ప్రతి యుదయము పాంటోప్రజోలో ఒమెప్రజోలో మ్రింగువారికి ఆ యామ్లమే యణగియుండును. వారికి సిట్రేటు మేలు, దానికి అన్నముతో పనిలేదు. కార్బొనేటుతో మలబద్ధము, కడుపుబ్బరము కలుగువారికిని అంతే. ఏదైనను ఒక్కమారు 500 మి.గ్రా. క్యాల్షియమునకు మించి దేహము చక్కగా గ్రహింపదు. దినమునకు ఎంత కావలయునన, పెద్దలకు 600 అని 2010లో చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ, మన తార్నాకలోనిదే, 2020లో దానిని 1000 చేసినది. కాని యది కంచములోనిదానితో కలిపిన లెక్క. నూరు గ్రాముల రాగులలో 350 చిల్లర, పావులీటరు ఆవుపాలలో 300 దరిదాపు కలదు. ప్రొద్దున రాగిజావ, రెండు పూటల పెరుగు గలవారు వేయికి వేయియు మాత్రలనుండియే రాబట్టుట యెందులకు?

'మోతాదు: వైద్యుని ఆదేశానుసారము': విధివాక్యమువలె కనబడు శూన్యము. మీమాంసకులు విధిని నాలుగు తెరగుల విభజించిరి. చేయవలసిన కర్మ యిది యనునది ఉత్పత్తివిధి. అది వైద్యుని చీటిపై '1-0-1' అను సూత్రరూపమున నుండును. దేనితో చేయవలయుననునది వినియోగవిధి, ఎవరు చేయదగుదురనునది అధికారవిధి, ఏ వరుసను చేయవలయుననునది ప్రయోగవిధి. ఈ మూడును షీటుపై లేవు, చీటిపై లేవు. కంపెనీ వైద్యునిపై నెట్టును. వైద్యుడు బయట నలువదిమంది కూర్చుండగా 'షాపులో అడగండి' యనును. దుకాణమువాడు 'డాక్టరు గారు చెప్పినట్లు' అనును.

మా పెద్దమ్మ తెల్లవారి ఆరు గంటలకు థైరాయిడ్ మాత్ర, క్యాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర మూడును అరచేతిలో పోసికొని కాఫీతో ఒక్క గుటక వేయుచుండెడిది. ఏడాదికి పైగా ఇదే యాచారము. థైరాయిడ్ లెక్క దిగిరాదు. వైద్యుడు ఆ మాత్ర మోతాదు పెంచుచు పోయెను. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసికొని, క్యాల్షియమునకు నాలుగు గంటల యెడమీయవలయునని గాని, క్యాల్షియం తోడున్న ఐరన్ ఒంటబట్టదని గాని, కాఫీ టీలు ఐరన్‌కు శత్రువులని గాని ఆమెకు చెప్పిన నాథుడు లేడు. '1-0-1' వ్రాసిన కలమునకు 'నాలుగు గంటల తరువాత' అని వ్రాయుటకు సిరా చాలదా? అధికారవిధి సంగతి మరియు విచిత్రము: మూత్రపిండముల జబ్బు గలవారు, రాళ్లు పడినవారు అడుగక ముట్టరానిదానిని బిస్కత్తులవలె అడిగినవానికెల్ల కోసి యిచ్చుచున్నారు.

ఈ విషయమున పల్లెలోని ఆశా కార్యకర్త మేటి వ్యాఖ్యాత్రి. గర్భిణులకు నాలుగవ నెలనుండి దినమునకు రెండు క్యాల్షియం మాత్రలు ప్రభుత్వమిచ్చును. "అన్నం తిన్నాకే వేసుకో అమ్మా, ఐరన్ మాత్రతో కలపొద్దు, రెండు గంటలన్నా తేడా ఉండాలి" అని యామె గుమ్మములో నిలుచుండి చెప్పి పోవును. వినియోగము, ప్రయోగము రెండును ఒక్క వాక్యమున ముగిసినవి.

'విటమిన్ డి3 250 ఐ.యు.': ప్రేగులనుండి క్యాల్షియమును లోనికి తీసికొనుటకిది కావలయును. దీని పెద్దన్న 60,000 ఐ.యు. పొట్లము. అది వారమునకొకటి యని, కొన్ని వారములకే యని ఆంగ్లమున గిలికియుండ, చదువరాక దినమునకొకటి చొప్పున వేసికొని, రక్తమున క్యాల్షియం మితిమీరి, వాంతులతో మొదలై మూత్రపిండములు చెడి ఆసుపత్రి చేరినవారు కలరు. 'వారానికి ఒక్కటే' యని తెలుగున రెండు మాటలు అచ్చు వేసిన తప్పునది. ఇచ్చట వ్యాఖ్యాతకు పరిహాసము నోట రాదు.

కొన్ని ప్రతులలో మెగ్నీషియము, జింకు మొదలైనవి ప్రక్షిప్తములై కనబడును. ఆక్సైడు రూపపు మెగ్నీషియము ఒంటబట్టుట తక్కువ, విరేచనము చేయుట యెక్కువ. జింకు మోతాదు మీరి చిరకాలము వాడిన దేహమున రాగి కొరవడును. లోపమున్నదని పరీక్షలో తేలనిదే వీనికి వ్యాఖ్య అనవసరము.

'30 డిగ్రీలకు మించని చోట': ఈ కవి వైశాఖమాసమున రెంటచింతల చూచినవాడు కాడు.

'పిల్లలకు అందకుండ ఉంచుడు': సదుద్దేశమే, కాదనము. కాని ఈ గ్రంథమంతయు ఆంగ్లమున, కంటికానని లిపిలో నున్నది. ఇంట అవ్వకు ఆంగ్లము రాదు. తాతకు వచ్చినను కనబడదు. కొడుకును కోడలును రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు చేరరు. షీటును వెలుతురున ఏటవాలుగా పట్టి, కూడబలుకుకొని, అందేమున్నదో చదివి చెప్పగలవాడు ఆ యింట నొక్కడే. వాడు నాలుగవ తరగతి.